కొస కణాలు దారి తప్పితే: చెన్నైలో ఒక ఆర్‌ఓపీ కేసు

27 వారాలకే పుట్టిన ఆడపిల్ల. బరువు 920 గ్రాములు. తల్లిది సూళ్ళూరుపేట దగ్గరి పల్లె, శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేది. ఏడో నెలలో బీపీ అదుపు తప్పింది. అక్కడి డాక్టర్లు ఆలస్యం చేయకుండా చెన్నైకి పంపారు, ఇక్కడ సిజేరియన్ చేసి బిడ్డను తీశారు. ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి సర్ఫాక్టెంట్ ఇచ్చారు. కొన్నాళ్ళు వెంటిలేటర్, ఆ తర్వాత ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్. రెండో వారంలో రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది, రెండుసార్లు రక్తం ఎక్కించారు. మూడో వారం చివర నేను మొదటిసారి చూసేటప్పటికి పాప పుట్టినప్పటి బరువు దగ్గరే ఆగి ఉంది.

నేను రెటీనా డాక్టర్ని, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరకు వైద్యం చేస్తాను. నగరంలోని ఎన్‌ఐసీయూలకు, అంటే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డులకు వెళ్ళి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్ళు చూడటం నా పనిలో పెద్ద భాగం. ఆ పిల్లల రెటీనాలో రక్తనాళాలు సరిగా పెరగక వచ్చే జబ్బే ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ). ఈ కేసు రాయడానికి తల్లిదండ్రుల అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. మా వైద్యాన్ని చాలామంది ‘చెడ్డ రక్తనాళాలను మాడ్చేయడం’గా చెప్పుకుంటారు. ఈ పాప కళ్ళలో ఏం జరిగిందో వారం వారం చూసిన మీదట, ఆ మాట సగమే నిజమని గట్టిగా నమ్ముతున్నాను. కొత్త రక్తనాళం పుట్టడం జబ్బు కాదు. అది ఎటు పోవాలో తెలియకపోవడం జబ్బు. ఈ తేడా మందు ఎంపికను మారుస్తుంది, లేజర్ ఎప్పుడు చేయాలన్నదాన్నీ మారుస్తుంది.

మొదటి పరీక్ష

మన దేశంలో 34 వారాలలోపు పుట్టినా, 2000 గ్రాములకంటే తక్కువ బరువున్నా కంటి పరీక్ష తప్పనిసరి. మామూలుగా అయితే పుట్టిన నాలుగు వారాలలోపు చేస్తాం. 28 వారాలలోపు పుట్టినా, 1200 గ్రాములలోపు ఉన్నా రెండు మూడు వారాలకే చూడాలి. పాశ్చాత్య దేశాల లెక్కలకంటే మన గీత పైన ఉంది, అంటే ఇంకాస్త పెద్ద పిల్లల్నీ చూస్తాం. కారణం, మన దగ్గర కాస్త పెద్ద పిల్లల్లోనూ ఈ జబ్బు తీవ్రంగా వస్తోంది. గాలిలో కలిపి కొలిచి ఇచ్చే బ్లెండర్ లేకుండా నూటికి నూరు శాతం ఆక్సిజన్ పెట్టే చోట్ల నుంచి వచ్చిన పిల్లల్ని చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది.

పాలు పట్టి గంట దాటాక, కంటిపాప విచ్చుకునే చుక్కలు వేయించి, నాలుక మీద కొంచెం పంచదార నీళ్ళు పెట్టి చూశాను. పక్కన నర్సు మానిటర్ మీదే కళ్ళు పెట్టుకుని ఉంది, ఇంత చిన్న పిల్లలు పరీక్ష మధ్యలో ఊపిరి ఆపేయగలరు. రెండు కళ్ళలోనూ రక్తనాళాలు జోన్ 1 దాటలేదు. జోన్ 1 అంటే కంటి నరం కేంద్రంగా, అక్కడి నుంచి చూపు కేంద్రమైన ఫోవియాకు ఉన్న దూరానికి రెట్టింపు వ్యాసార్థంతో గీసిన వృత్తం. దాని అవతల రెటీనా అంతా పాలిపోయి ఉంది. ఆ రోజుకు జబ్బు లేదు, అపరిపక్వత మాత్రమే ఉంది. వారంలోనే మళ్ళీ చూస్తానని రాశాను.

రెటీనాకు రక్తనాళాలు ఎలా వస్తాయి

గర్భంలో దాదాపు 16వ వారం వరకు బిడ్డ రెటీనాలో రక్తనాళాలు ఉండవు. అప్పుడు కంటి నరం దగ్గర మొదలై అంచుల వైపు పాకుతాయి. ముక్కు వైపు అంచుకు 36 వారాలకు, కణత వైపు అంచుకు 40 వారాలకు చేరతాయి. నెలలు నిండిన బిడ్డ పుట్టేసరికి ఈ పని పూర్తవుతుంది. 27 వారాలకు పుట్టిన బిడ్డలో నడిమధ్యలో ఆగిపోయి ఉంటుంది, మిగతాది ఇంక్యుబేటర్‌లో జరగాలి.

ఈ పాకుడు ఎలా నడుస్తుందన్నది ఈ శతాబ్దంలోనే బాగా అర్థమైంది. రక్తనాళం లోపలి గోడ ఒకే వరుస ఎండోథీలియల్ కణాలతో ఏర్పడుతుంది. చాలాకాలం అవన్నీ ఒకే రకం అనుకున్నారు. 2003లో హోల్గర్ గెర్‌హార్డ్ బృందం, కొత్తగా మొలిచే ప్రతి నాళం మొనలోనూ ఒక ప్రత్యేకమైన కణం ఉంటుందని చూపింది. దాన్ని టిప్ సెల్ అంటారు, నేను కొస కణం అంటాను. వాళ్ళు చూసింది ఎలుకపిల్ల రెటీనాలో. ఎలుకపిల్ల కళ్ళు మూసుకునే పుడుతుంది, దాని రెటీనా నాళాలు పుట్టాకే పెరుగుతాయి. అంటే ఆరోగ్యంగా పుట్టిన ఎలుకపిల్ల కన్ను, ఈ విషయంలో మా ఎన్‌ఐసీయూ బిడ్డ కన్నులాంటిదే.

కొస కణం నుంచి ఫిలోపోడియా అనే సన్నటి పోగులు ముందుకు చాచుకుంటాయి. వాటి మీద వీఈజీఎఫ్ అనే, నాళాల్ని పెరగమని చెప్పే ప్రోటీన్ సంకేతాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. కొస కణం పెద్దగా విభజన చెందదు, దారి వెతుకుతుంది. దాని వెనక ఉండే స్టాక్ సెల్స్, అంటే కాండ కణాలు, విభజన చెందుతూ నాళాన్ని పొడుగు చేస్తాయి, మధ్యలో రక్తం పారడానికి బోలు ఏర్పరుస్తాయి. పందిరి మీద పొట్ల తీగ ఎలా పోతుందో అలాగే, కొస వెతుకుతూ పోతుంటే కాడ వెనక నుంచి పెరుగుతూ వస్తుంది. ఇంకా వెనక, రక్తం సాఫీగా పారే చోట ఫాలాంక్స్ సెల్స్ ఉంటాయి. అవి పెరగడం మానేసి గోడను పట్టి ఉంచుతాయి.

ఎవరు కొస, ఎవరు కాండం అన్నది పుట్టుకతో రాసిపెట్టి లేదు. వీఈజీఎఫ్‌ను ఎక్కువగా అందుకున్న కణం డెల్టా-లైక్ 4 అనే ప్రోటీన్‌ను బయటపెడుతుంది. అది పక్క కణం మీది నాచ్ అనే గ్రాహకాన్ని తట్టి, ‘నువ్వు కొసగా మారొద్దు’ అని ఆపుతుంది. ఆపబడిన కణంలో వీఈజీఎఫ్‌ను పట్టే శక్తి తగ్గుతుంది, అది కాండంగా మిగులుతుంది. ఈ సంగతి 2007లో పలు బృందాల పరిశోధనల్లో తేలింది. నాచ్ సంకేతాన్ని ఆపేస్తే అన్ని కణాలూ కొసలు కావాలని చూస్తాయి. అప్పుడు దట్టమైన, గజిబిజి వల ఏర్పడుతుంది, అందులో రక్తం సరిగా పారదు. తర్వాతి పరిశోధనల్లో ఇంకొకటి కూడా తెలిసింది, ముందున్న కణం ఎల్లకాలం ముందుండదు. వెనక నుంచి వేరొకటి దాన్ని దాటి కొస స్థానం తీసుకుంటూ ఉంటుంది.

నా వృత్తికి అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ 2003 పరిశోధనలోని రెండో సంగతి. కాండ కణాలు ఎంత వేగంగా విభజన చెందుతాయన్నది వీఈజీఎఫ్ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కొస కణం ఎటు పోతుందన్నది మాత్రం అది మొత్తం ఎంత ఉందన్నదాని మీద ఆధారపడదు. ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువగా ఉండే వాలు మీద ఆధారపడుతుంది. రెటీనాలో ఆ వాలును తయారుచేసేవి ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు. అవి నాళాల కంటే ముందే పాకి ఉంటాయి. ఆక్సిజన్ అందని చోట వీఈజీఎఫ్ విడుదల చేస్తాయి. నాళం చేరి ఆక్సిజన్ అందించగానే తగ్గించేస్తాయి. అందుకే ఎప్పుడూ ముందు ఎక్కువ, వెనక తక్కువ. వీఈజీఎఫ్‌లో ఒక రకం కణాల మధ్య ఉండే పదార్థానికి అతుక్కుని కదలకుండా ఉంటుంది, వాలు నిలబడటానికి అదే ఆధారం. అతుక్కునే గుణం లేని రకం మాత్రమే ఉన్న ఎలుకల్లో కొసలు దిక్కు తెలియక అడ్డదిడ్డంగా పోతాయి.

ఇప్పుడు నెలలు నిండని బిడ్డ సంగతి. గర్భంలో బిడ్డ రక్తంలో ఆక్సిజన్ పీడనం పాదరసం లెక్కలో సుమారు 30 మిల్లీమీటర్లు. బయటికి వచ్చాక మామూలు గాలి పీల్చినా అది దాదాపు రెట్టింపవుతుంది, పైన పెట్టే ఆక్సిజన్ వేరు. రెటీనాకు లోటు తెలియదు, వీఈజీఎఫ్ పడిపోతుంది, కొసలు ఆగిపోతాయి. అప్పటికి మొలిచి, బయటి నుంచి చుట్టుకుని నాళాన్ని నిలబెట్టే పెరిసైట్ కణాల కవచం ఇంకా పడని నాళాలు మూసుకుపోతాయి. వీఈజీఎఫ్ లేకపోతే బతకలేనివి అవే. కొన్ని వారాలకు రెటీనా మందం పెరిగి, నాడీకణాలు పని మొదలుపెట్టాక కథ తలకిందులవుతుంది. నాళాలు లేని విశాలమైన భాగమంతా ఊపిరాడక ఒక్కసారిగా వీఈజీఎఫ్ కుమ్మరిస్తుంది. దారి చూపాల్సిన ఆస్ట్రోసైట్లు ఆ భాగంలో దెబ్బతిని ఉంటాయి. అంతటా ఎక్కువే ఉంటే వాలు ఎక్కడ? కాండ కణాలు విపరీతంగా విభజన చెందుతాయి, కొసలకు దిక్కు ఉండదు, నాళాలు రెటీనాను వదిలి కంటి మధ్యలోని విట్రియస్ అనే జెల్లీలోకి మొలుస్తాయి. అక్కడ పీచు కట్టి ముడుచుకుంటే రెటీనాను లాగేస్తుంది. ఆ తర్వాత చూపు తిరిగి తేవడం చాలా కష్టం.

బరువు సంగతి ముందే ఎందుకు రాశానో ఇక్కడ చెప్పాలి. వీఈజీఎఫ్ పనిచేయాలంటే పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కొంతైనా ఉండాలి. అది తల్లి కడుపులో ఉన్నప్పుడు అందేది, ముందే పుట్టిన బిడ్డలో పడిపోతుంది. బరువు పెరగని బిడ్డలో అది ఇంకా తక్కువ. అందుకే నేను ఎన్‌ఐసీయూలోకి వెళ్ళగానే కంటి కాగితం కంటే ముందు బరువు చార్టు అడుగుతాను.

34 వారాలకు

తర్వాతి పరీక్షల్లో నాళాల కొసలు కదలలేదు. తల్లి చివరి నెలసరి నుంచి లెక్కిస్తే 34 వారాలు వచ్చేసరికి చిత్రం మారిపోయింది. నాలుగు దిక్కులా నాళాలు ఉబ్బి, మెలికలు తిరిగాయి. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్ మీద కూడా నాళాలు నిండి, కంటిపాప చుక్కలకు సరిగా విచ్చుకోలేదు. పుస్తకాల్లో చెప్పినట్టు గీత, తర్వాత గట్టు, ఆ తర్వాత మొలకలు అని వరుసగా రాలేదు. జోన్ 1లోనే రెటీనాకు అంటుకున్నట్టు చదునుగా, జల్లెడలాంటి ఒక కొత్త నాళాల వల. ఏది ధమని, ఏది సిర అన్నది కూడా చెప్పలేని స్థితి. 2021లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఇది అగ్రెసివ్ ఆర్‌ఓపీ. రెట్‌క్యామ్ అనే రెటీనా కెమెరాతో ఫొటోలు తీశాను. 48 గంటలలోపు వైద్యం మొదలవ్వాలి. ఇలాంటి కన్ను రోజుల్లో చేయి దాటిపోతుంది.

ఆ వల చూసినప్పుడు నాకు నాచ్ ఆపేసిన ఎలుక రెటీనా ఫొటోలే గుర్తొస్తాయి. రెండూ ఒకటేనని అనను, మనుషుల్లో కొస కణాల్ని కదులుతుండగా ఎవరూ నేరుగా చూడలేదు. నా కంటికి కనబడేది అవి వెనక వదిలిన దారి మాత్రమే. కానీ కొసల సంఖ్య పెరిగి దిక్కు పోయినప్పుడు వచ్చే ఆకారం అదే.

లేజరా, ఇంజెక్షనా

లేజర్‌తో నాళాలు లేని రెటీనాను కాలుస్తాం. వీఈజీఎఫ్ పుట్టేది అక్కడే కాబట్టి మూలం పోతుంది. 2003లో వచ్చిన ఈటీఆర్‌ఓపీ అనే పరిశోధన ఫలితాల నుంచి, సకాలంలో చేసే లేజర్ ఎందరో పిల్లల చూపు నిలిపింది, ఇప్పటికీ నిలుపుతోంది. కానీ ఈ పాపలో జోన్ 1 దాటి ఏమీ లేదు. లేజర్ చేస్తే రెటీనాలో చాలా భాగం, ఫోవియాకు దగ్గరి దాకా, కాల్చాల్సి వచ్చేది.

2011లో బీట్-ఆర్‌ఓపీ పరిశోధన, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ జోన్ 1 జబ్బులో లేజర్ కంటే మెరుగని చూపింది. 2019లో రెయిన్‌బో పరిశోధనలో 225 మంది పిల్లల్లో, అదే రకం మందు రానిబిజుమాబ్ 0.2 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళలో 80 శాతానికి, లేజర్ చేసినవాళ్ళలో 66 శాతానికి వైద్యం ఫలించింది. నేను రానిబిజుమాబ్ ఎంచుకున్నాను. ఈ మందులు కంట్లో పెట్టినా కొంత రక్తంలోకి చేరతాయి, బెవాసిజుమాబ్ అక్కడ వారాల తరబడి ఉంటుంది, రానిబిజుమాబ్ త్వరగా పోతుంది. పాప ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు అన్నీ ఇంకా వీఈజీఎఫ్‌తోనే పెరుగుతున్నాయి. కంటి కోసం వాటికి అవసరానికి మించి లోటు చేయకూడదు.

ఇంకో కారణం కొస కణానిది. అమెరికాలోని రెటీనా పరిశోధకురాలు హార్ట్‌నెట్ బృందం ఎలుకల్లో చేసిన పరిశోధనల్లో, వీఈజీఎఫ్‌ను అదుపులో తగ్గించినప్పుడు విట్రియస్‌లోకి పోయే నాళాలు తగ్గాయి, రెటీనా లోపల పెరగాల్సినవి మాత్రం ఆగలేదు. మరీ ఎక్కువ ఉన్నప్పుడు ఎండోథీలియల్ కణాలు ఎటుపడితే అటు విభజన చెందుతాయి, తగ్గిస్తే మళ్ళీ వరుసలోకి వస్తాయి. నేను ఆశించింది ఇదే. వీఈజీఎఫ్‌ను పూర్తిగా తుడిచేయాలని కాదు, మళ్ళీ వాలు కనిపించేంత వరకు దించాలని.

మందు ఇచ్చే ముందు తల్లిదండ్రుల్ని, అమ్మమ్మను కూర్చోబెట్టాను. నెల్లూరు, చిత్తూరు జిల్లాల వాళ్ళకు కంటి జబ్బంటే చెన్నై రావడం తాతల నాటి అలవాటు. ఎగ్మోర్ కంటాసుపత్రి 1819 నుంచి ఉంది. కానీ ఇంత చిన్న బిడ్డ కంట్లో సూది అంటే ఎవరి గుండైనా ఝల్లుమంటుంది. తల్లి మాట్లాడలేదు. అమ్మమ్మే అడిగింది.

“ఆ ఆక్సిజన్ పెట్టబట్టే గదా డాక్టరమ్మా బిడ్డ కళ్ళు ఇట్టా అయింది? పెట్టకుండా ఉంటే సరిపొయ్యేది గదా?”

ఈ ప్రశ్నను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. వైద్యశాస్త్రం కూడా ఇదే అడిగి, జవాబుకు పెద్ద మూల్యం చెల్లించింది. 1940ల్లో ఈ అంధత్వం మొదట కనబడింది. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ ఆక్సిజన్‌ను అనుమానించింది. తర్వాత ఆక్సిజన్ బాగా తగ్గించారు, అంధత్వం తగ్గింది కానీ పిల్లలు చనిపోవడం పెరిగింది. 2010 తర్వాతి పెద్ద పరిశోధనల్లోనూ రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 85 నుంచి 89 శాతం మధ్య ఉంచితే ఆర్‌ఓపీ తగ్గినా మరణాలు పెరిగాయి. ఇవన్నీ ఆమెకు చెప్పలేదు. “పెద్దమ్మా, అది పెట్టకపోతే బిడ్డ మనకు దక్కేది కాదు. తగ్గినా ప్రాణానికి ముప్పు, ఎక్కువైనా కంటికి ముప్పు. ఇక్కడి డాక్టర్లు ఆ మధ్య గీత మీదే నడిపించారు. కంటికి వచ్చిన ముప్పుకు మందు ఉంది, ఇప్పుడే ఇవ్వాలి” అన్నాను. ఆమె కూతురి వైపు తిరిగి, “సంతకం పెట్టు అమ్మా” అంది.

సూది, ఆ తర్వాత

ఎన్‌ఐసీయూలోనే, మత్తు చుక్కలతో, నవజాత శిశువుల డాక్టర్ పక్కన ఉండగా ఇచ్చాను. ఒక్కో కంటికి 0.02 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళకు నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల వెనక గుచ్చుతాం. పసిబిడ్డకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. కంటి పరిమాణంతో పోలిస్తే లెన్స్ చాలా పెద్దది కాబట్టి సూదిని కంటి మధ్యలోకి వంచకుండా నేరుగా వెనక్కి పోనివ్వాలి. రెండు కళ్ళకు వేర్వేరు సామగ్రి, వేర్వేరు వయల్స్. ఇన్ఫెక్షన్ వస్తే రెండూ ఒకేసారి పోకూడదు.

రెండు మూడు రోజుల్లో ఐరిస్ మీది నాళాలు సన్నబడ్డాయి, కంటిపాప విచ్చుకుంది. వారానికి మెలికలు సర్దుకున్నాయి, చదునైన వల మాయమైంది. పాత నాళాలు మాత్రం చెక్కుచెదరలేదు. పెరిసైట్లు చుట్టుకున్న నాళం వీఈజీఎఫ్ తగ్గినా నిలబడుతుంది, లేని కొత్తవే రాలిపోతాయి. ఒకే మందు ఇంత కచ్చితంగా ఎంచి పనిచేయడం వెనక ఉన్నది ఈ తేడానే.

నేను ఎదురుచూసింది ఆ తర్వాతి వారాల కోసం. పాత హద్దు దాటి, జోన్ 1 చుట్టూ ఉండే జోన్ 2లోకి, సన్నటి నాళాలు చెట్టుకొమ్మల వరుసలో కదిలాయి. ఈసారి రెటీనా లోపలే. వారం వారం రెట్‌క్యామ్ ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఫోవియా ఏర్పడాల్సిన చోటును దాటి ఆ అంచు ముందుకు పోవడం చూశాను. కొసలకు మళ్ళీ దిక్కు తెలిసిందని నా నమ్మకం. బిడ్డ బరువు కూడా అప్పటికి పుంజుకుంది.

పాప ఇంటికి వెళ్ళింది. ఇక్కడే చాలా కుటుంబాలు తప్పిపోతాయి. బిడ్డ పాలు తాగుతోంది, బొద్దుగా ఉంది, కళ్ళు బాగున్నాయని డాక్టరే అన్నారు, మళ్ళీ రావడం ఎందుకని. మందు శక్తి అయిపోయాక, నాళాలు చేరని భాగం ఇంకా మిగిలి ఉంటే, అది మళ్ళీ వీఈజీఎఫ్ కుమ్మరించగలదు. లేజర్ తర్వాత జబ్బు తిరగబెడితే కొద్ది వారాల్లో తెలుస్తుంది, ఇంజెక్షన్ తర్వాత నెలలు దాటాక కూడా తిరగబెట్టవచ్చు. తండ్రికి ఇది రెండుసార్లు చెప్పాను. ఆయన తారీఖులు గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, సూళ్ళూరుపేట నుంచి చెన్నై మూర్ మార్కెట్ లోకల్ రైల్లో బిడ్డను ఎత్తుకుని ఒక్కసారీ తప్పకుండా వచ్చాడు. ఈ కేసు ఫలితంలో నా చేతి పని ఎంతో, ఆయన ప్రయాణాలు అంత.

నెలసరి లెక్కలోనే 43 వారాలకు కణత వైపు, జోన్ 2 మధ్యలో పెరుగుదల ఆగి, సన్నటి గట్టు లేచింది. నాళాలు కాస్త మెలిక తిరగడం మొదలైంది. ఇంకోసారి ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. నేను లేజర్ వైపు మొగ్గాను. నాళాలు ఇక సొంతంగా అంచుకు చేరే సూచన లేదు, ఇంటి నుంచి ఇన్ని నెలలు తిరగడం కుటుంబానికి భారం, మిగిలిన భాగం ఇప్పుడు చిన్నది. అనెస్థీషియా డాక్టర్ పక్కన ఉండగా రెండు కళ్ళకూ ఒకే విడతలో చేశాను. 34 వారాలకు కాల్చాల్సి వచ్చేదానితో పోలిస్తే ఈసారి అంచున ఒక పట్టీ మాత్రమే. మధ్యలో ఉన్న ఆ వెడల్పంతా కొస కణాలు ఆ కొన్ని వారాల్లో సంపాదించి పెట్టినదే. పక్కచూపుకు అది మిగిలింది.

నెలలు నిండి పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కిస్తే ఇప్పుడు వయసు ఏడాది. రెటీనా రెండు కళ్ళలోనూ అతుక్కుని ఉంది. బొమ్మను చూసి చేయి చాస్తుంది, దీపం కదిలితే కళ్ళు తిప్పుతుంది. మైనస్ మూడు దగ్గర మయోపియా, అంటే దూరపువి మసకగా కనబడే లోపం ఉంది. కళ్ళద్దాలు రాశాను, తాడు కట్టి పెడుతున్నారు, లాగేస్తుందని అమ్మమ్మ ఫిర్యాదు. ఎడమ కన్ను కొంచెం లోపలికి తిరుగుతున్నట్టుంది, మెల్ల నిర్ధారణ అయితే కుడి కంటికి పట్టీ వేయాలి. బడిలో చేరేదాకా ఆరు నెలలకోసారి, తర్వాత ఏటా చూడాలని ఫైల్‌లో రాశాను. వైద్యం చేసిన రెటీనా అంచుల్లో పెద్దయ్యాక కూడా చిరుగులు రావచ్చు. కంట్లో మెరుపులు, నల్లచుక్కలు కనబడితే ఆ రోజే రావాలన్నది తల్లికి తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను.